గాజు పలకపై తేమ

మన జంట నగరాలలోని బేగంపేటలో ఒక పాత భవనం కలదు. 1897వ సంవత్సరం ఆగస్టు 20వ తేదీన డాక్టర్ రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో ఒక దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవి జాడ కనుగొన్న వృత్తాంతానికి ఆ భవనం జ్ఞాపకచిహ్నంగా నిలిచి ఉన్నది. ఆ దినములలో తన నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవనీ, మిగిలిన ఒకే ఒక కంటికటకం కూడ పగిలి ఉన్నదనీ, కోసిన దోమలు చెదరిపోవునను భయంచేత పంకా సైతం వేయనివ్వలేదనీ ఆయన తన స్మృతులలో వ్రాసుకున్నారు. 1902లో నోబెల్ బహుమానం తెచ్చిన కృషి యిది. దీనిని బట్టి చూడగా సూక్ష్మదర్శినికీ తేమకూ మన గడ్డపై గల వైరం నేటిది కాదని తెలియుచున్నది.

రాస్ మహాశయునితో మమ్ము పోల్చుకొనే సాహసం మాకు లేదు. మేము ఈ కళాశాలలో జంతుశాస్త్రం అభ్యసిస్తున్న తృతీయ సంవత్సర విద్యార్థులము మాత్రమే. అయినప్పటికీ గడచిన వర్షాకాలంలో మా కణజాల శాస్త్ర ప్రయోగశాలలో తేమ వలన కలిగిన ఒక చిక్కును, అది విడిపోయిన క్రమాన్ని మిత్రుల ముందు, పెద్దల ముందు ఉంచితే ఎవరికైనా ఉపకరించునని భావించి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

ఆర్ట్సు, కామర్సు శాఖల మిత్రుల కొరకు ముందుగా స్లయిడు తయారగు విధానాన్ని క్లుప్తంగా మనవి చేస్తాము. యు.జి.సి. వారు 2014లో జంతువులను కోసే ప్రయోగాలను నిలుపుదల చేసిన పిమ్మట మా వంటి విభాగములు మాంసపు దుకాణం నుండి తెచ్చిన గొర్రె కాలేయం, మూత్రపిండం, చిన్నప్రేవు వంటి వాటితోనే పని నెరవేర్చుకుంటున్నవి. తెచ్చిన తునకను మొదట ఫార్మలిన్ ద్రావణంలో ఉంచుతారు. కణజాలం కుళ్ళకుండ, ఉన్నది ఉన్నట్లుగా నిలిపే శక్తి ఫార్మలిన్‌కు ఉన్నదని 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు లోకానికి తెలియజేశాడు. తరువాత ఆ తునకలోని నీటిని 70, 80, 95, 100 శాతముల ఆల్కహాలు జాడీల గుండా క్రమంగా తొలగిస్తారు. ఆ ఆల్కహాలును జైలీను తొలగిస్తుంది. జైలీను స్థానంలోనికి కరిగిన మైనం ప్రవేశిస్తుంది. మైనపు దిమ్మెను మైక్రోటోము అనే యంత్రంపై బిగించి నాలుగైదు మైక్రానుల మందం గల పొరలుగా కోస్తారు. ఒక మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ భాగం. ఆ పొరలను గోరువెచ్చని నీటిపై తేలవేసి, ముడుతలు విప్పి, గాజు పలకపైకి ఎత్తుకోవాలి.

ఇక రంగు వేయవలెనన్న అదే దారిలో వెనుకకు నడవవలసి ఉంటుంది. జైలీనుతో మైనాన్ని కరిగించి, ఆల్కహాలు మెట్లు ఒక్కొక్కటిగా దిగి, మరల నీటిని చేరాలి. మెక్సికో దేశపు చెట్టు కలప నుండి లభించే హిమటాక్సిలిన్ కణకేంద్రకాలకు నీలిరంగు ఇస్తుంది. ఇయోసిన్ అనే రసాయనపు రంగు కణద్రవ్యాన్ని గులాబివర్ణం చేస్తుంది. ఈ రెండింటినీ జతపరచిన పద్ధతిని 1876లో విస్సోవ్‌స్కీ ప్రకటించాడు. ఇన్నేండ్లు గడచినా లోకమంతటా రోగనిర్ణయ శాలలలో ఈ జంటయే ప్రథమస్థానంలో ఉన్నది. రంగు పట్టిన పిమ్మట మరల ఆల్కహాలు మెట్లు ఎక్కి, జైలీనులో ముంచి, డి.పి.ఎక్స్. అనే జిగురు చుక్క వేసి, పలుచని గాజురేకుతో మూసివేస్తారు. 1939లో కిర్క్‌పాట్రిక్, లెండ్రమ్ అను ఇద్దరు రూపొందించిన ఈ జిగురులో పాలిస్టైరీను, దానిని మెత్తపరచే పదార్థం, జైలీను ఉంటాయి. నీటితో దానికి పొత్తు కుదరదు.

పాఠకులు ఒక విషయం గమనించే ఉంటారు. ఈ విద్య అంతయు నీటిని పంపుట, పిలుచుట, మరల పంపుట అనే మూడు మాటలలో ఇమిడి ఉన్నది. పొర కోయునపుడు దిమ్మె మరీ పొడిబారితే అనుభవజ్ఞులు దానిపై మెల్లగా ఊపిరి వదులుతారు. ఆ కొద్ది తేమకు పొర చీలకుండ జారి వస్తుంది. అదే ఊపిరి గాజురేకు మూయు వేళ తగిలితే శ్రమ అంతా మసకబారుతుంది. రంగు పట్టుటకు నీరు కావలెను, రంగు నిలుచుటకు నీరు పోవలెను. ఎక్కడ ఆహ్వానించవలెనో, ఎక్కడ సాగనంపవలెనో తెలియుటయే ఇందలి నేర్పు.

మా విభాగంలోని పాత స్లయిడులు ఎన్నో పగిలిపోయి, మిగిలినవి రంగు వెలిసి ఉన్నందున, ప్రయోగ పరీక్షలకు కావలసిన స్లయిడులను స్వయంగా తయారు చేయవలెనని గడచిన విద్యా సంవత్సరారంభంలో మా అధ్యాపకులు సంకల్పించారు. బజారులో కొన్నట్లయితే అయ్యే వ్యయం తుదకు విద్యార్థుల రుసుముపైననే పడుతుంది. మేము ఉత్సాహంతో పూనుకున్నాము. జూన్ మధ్యలో మొదటి విడతగా ఇరువది స్లయిడులు తయారైనవి. కాలేయ కణముల వరుసలు, మూత్రపిండపు గుచ్ఛములు అద్దంలో వలె కనిపించినవి. జూలై తొలివారంలో చేసిన రెండవ విడత ఇరువది నాలుగింటిలో కొన్ని అంచుల వద్ద స్వల్పంగా మసకగా ఉన్నవి. జూలై చివర, ఎడతెరిపి లేని ముసురులో చేసిన మూడవ విడత నలుబది ఎనిమిదీ పాలపొర కప్పినట్లు తెల్లబారి కూర్చున్నవి. సూక్ష్మదర్శిని క్రింద కేంద్రకముల హద్దులు చెదరి, సన్నని తుంపరల వంటి బిందువులు మెరయుచుండినవి. పరీక్షలకు అయిదు వారముల వ్యవధి మాత్రమే ఉన్నది.

ఇటువంటి సమయములలో కారణం కంటె ముందు దోషి కొరకు వెదకుట లోకసహజం. మా ప్రయోగశాలలో జాడీలు నింపుట, మార్చుట మొదలైన పనులన్నీ చూచుకొనే సహాయకులు ఒకరున్నారు. ఉర్దూ విద్యార్థులు, తెలుగు విద్యార్థులు అందరమూ వారిని చాచా అనియే పిలుస్తాము. ముప్పది ఏండ్ల పైబడిన ఉద్యోగం వారిది. పదవీ విరమణకు కొన్ని నెలలే మిగిలి ఉన్నవి. జాడీలు సకాలంలో మార్చలేదనియు, తడిచేతులతో పలకలు తాకినారనియు, వయసు మీరిన వారికి చూపు ఆనుట లేదనియు గుసగుసలు బయలుదేరినవి. అవి కార్యాలయం దాకా ప్రాకి, వ్రాతపూర్వకమైన సంజాయిషీ అడుగవలెనన్న మాట కూడ వినవచ్చినది. చాచా ఎవరితోనూ వాదించలేదు. "బారిష్ మే స్పిరిట్ భీ పానీ పీతా, బాబా" అని ఒక్కమాట మాతో అని తమ పనిలో తాము మునిగిపోయారు. వానకాలంలో స్పిరిటు కూడ నీరు త్రాగునని దాని భావం. ఆ మాటను పరీక్షించి చూతుమని, అంతవరకు ఎవరిపైనా ఏమియు వ్రాయవద్దని మేము మా అధ్యాపకులను ప్రార్థించాము. వారు ఒక వారం గడువిచ్చారు.

మొదట తెలుసుకోవలసినది, మసక ఏ అంతస్తులో ఉన్నదని. గాజురేకు పైభాగాన్ని జైలీను తడిపిన గుడ్డతో తుడిచాము. మసక పోలేదు. సూక్ష్మదర్శిని సన్నమరను మెల్లగా త్రిప్పి చూడగా బిందువులు గాజురేకు మీద గాక కణజాలపు పొర ఉన్న మట్టంలోనే స్ఫుటమైనవి. కనుక లోపం లోపలిది.

రెండవ ప్రశ్న, అది నీరా, గాలియా అన్నది. జైలీను నుండి తీసిన పలకను జిగురు వేయకుండ కొన్ని క్షణములు ఎక్కువ ఉంచితే జైలీను ఎగిరిపోయి, కేంద్రకములపై గాలి చిక్కుకుంటుంది. అప్పుడు కనబడేవి గోధుమ నలుపు రంగులో మిలమిలలాడే మచ్చలు. మావి అట్టివి కావు. పాలవలె తెల్లనివి. మైనం పూర్తిగా కరగకపోతే రంగు పట్టని ఖాళీలు ఏర్పడతాయి. మా స్లయిడులలో రంగు అంతటా సమంగానే ఉన్నది. కావున నీటిని అనుమానించుటకే ఎక్కువ ఆధారం దొరికినది.

నీరు చేరిన స్లయిడు తెల్లగా ఎందుకు కనబడవలెను? కాగితంపై నూనె చుక్క పడితే ఆ మేర వెలుగు చొరబడి కాగితం తేటపడుట మనమందరము చూచినదే. కాగితపు పీచుల నడుమ ఉన్న గాలి స్థానంలో పీచుతో సమీపమైన వక్రీభవన గుణకం గల నూనె చేరుటయే దానికి కారణం. స్లయిడు విషయంలోనూ అంతే. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.52. జైలీనుది 1.50. ఎండిన డి.పి.ఎక్స్. కూడ గాజుకు చేరువగానే ఉంటుంది. ఇవన్నీ ఒక్కతీరు గలవి గనుక వెలుగు తడబడకుండ సాగిపోతుంది. నీటి గుణకం 1.33 మాత్రమే. జైలీనులో నీరు దాదాపు కరగదు గనుక చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నిలుస్తుంది. ప్రతి బిందువు దగ్గర వెలుగు దారి తప్పుతుంది. పాలు తెల్లగా కనబడుటకు, శీతకాలపు ఉదయాన పొగమంచు చూపును అడ్డగించుటకు మూలం ఇదియే.

ఇక నీరు ఏ ద్వారం నుండి చొరబడినదో తెలుసుకొనవలెను. శుభ్రమైన ఖాళీ పలకపై డి.పి.ఎక్స్. చుక్క వేసి గాజురేకు మూశాము. మరునాటికి కూడ స్ఫటికం వలె తేటగా ఉన్నది. జిగురు నిర్దోషి అని తేలినది. తరువాత మసకబారిన మూడు స్లయిడులను తీసుకొని, గాజురేకులు తొలగించి, మూడు దారుల పంపించాము. మొదటి దానిని కొత్త జైలీనులో మాత్రమే ఉంచాము. రెండవ దానిని మా ప్రయోగశాల పెద్ద డబ్బాలోని ఆబ్సల్యూట్ ఆల్కహాలులో ముంచి, పిదప కొత్త జైలీనులోనికి మార్చాము. మూడవ దానికి రసాయన శాస్త్ర విభాగం వారు దయతో ఇచ్చిన, ముద్ర విప్పని సీసాలోని ఆల్కహాలు వాడి, అదే జైలీనులోనికి మార్చాము. మొదటి రెండూ తెల్లగానే మిగిలినవి. మూడవది కన్నుల యెదుటనే తేరుకొని, గులాబి నీలి వర్ణములతో మెరసినది. ఆ క్షణమున మాకు కలిగిన సంతోషం ఇంతింతని చెప్పజాలము.

నిశ్చయం కొరకు మరియొక పరీక్ష చేశాము. మన ఇండ్లలో మైలుతుత్తమని పిలిచే కాపర్ సల్ఫేటు నీలిరంగుకు కారణం దానిలోని నీరే. పింగాణి గిన్నెలో వేసి బాగుగా కాల్చితే నీరు ఎగిరిపోయి తెల్లని పొడి మిగులుతుంది. నీటి జాడ తగిలిన వెంటనే అది మరల నీలమవుతుంది. ఆ తెల్లని పొడిని రెండు పరీక్షనాళికలలో వేసి, ఒకదానిలో సీసా ఆల్కహాలు, రెండవ దానిలో డబ్బా ఆల్కహాలు పోసి బిరడాలు బిగించాము. సీసా ఆల్కహాలులో పొడి తెల్లగానే నిలిచినది. డబ్బా ఆల్కహాలులో చూచుచుండగానే నీలమైనది. చాచా ఆ నాళికను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చాలసేపు చూశారు గాని ఏమియు అనలేదు.

అయితే డబ్బాలో నీరున్నదనుటతో విచారణ ముగియలేదు. సరఫరా అయిన నాడే అందులో నీరున్నదా? తరువాత చేరినదా? జాడీలు నిజముగా మార్చబడినవా, లేదా? ఈ ప్రశ్నలకు సమాధానం చాచా నోటుపుస్తకంలో దొరికినది. రోజువారీ పని అంతా వారు ఉర్దూలో పెన్సిలుతో వ్రాసుకుంటారని మాలో తెలుగు వారికి తెలియదు. అడిగినవారు లేరు గనుక వారు చెప్పనూ లేదు. ఉర్దూ మాధ్యమంలో చదివివచ్చిన మా సహాధ్యాయిని ఆ పుటలను పైకి చదువగా, మేము తేదీలను నల్లబల్లపై వ్రాస్తూ పోయాము. డబ్బా మూత తీసినది జూన్ రెండవ వారంలో. మొదటి విడత అప్పటి ఆల్కహాలుతోనే జరిగినది. ఆ స్లయిడులు నిర్మలంగా వచ్చినవి గనుక తెరచిననాడు సరకు మంచిదేనని తేలినది. ప్రతి విడతకు ముందు జాడీలు మార్చినట్లు తేదీ, వేళ సహితంగా ఉన్నది. మూడవ విడత నాడైతే ఉదయం తొమ్మిదిన్నరకే ఆఖరి రెండు ఆల్కహాలు జాడీలను కడిగి, ఆరబెట్టి, కొత్తగా నింపినారు. జూలై మొదటి పుటలోనే డబ్బా మూతకు లోపలి రబ్బరు వాషరు లేదనీ, వాన జల్లు కొట్టే కిటికీ క్రింద డబ్బా ఉన్నదనీ, చోటు మార్చుటకు బీరువా కావలెననీ వ్రాసియున్నది. ఆ పుట చదివినప్పుడు గదిలో ఎవరికీ మాట పెగలలేదు.

కారణం ఇప్పుడు స్పష్టమైనది. ఆల్కహాలు స్వభావరీత్యా నీటిని ఆకర్షిస్తుంది. నీటితో దానికి ఉన్న చెలిమి ఎంత గాఢమైనదనగా, సాధారణ స్వేదన విధానంలో ఎన్నిమార్లు వేడిచేసినా 95, 96 శాతములకు మించి ఈథైల్ ఆల్కహాలును నీటి నుండి విడదీయుట సాధ్యపడదు. ఆ మిగిలిన నాలుగైదు శాతముల నీటిని వేరు ఉపాయములతో తొలగించి నూరు శాతమునకు తెస్తారు. అట్టి ఆల్కహాలును వదులు మూత గల డబ్బాలో ఉంచితే అది ముసురు గాలిలోని తేమను గ్రహించుటలో ఆశ్చర్యమేమున్నది? డబ్బా సగమైన కొలదీ అందులో గాలి చోటు పెరుగుతుంది. పగటి వేడికి ఆ గాలి వ్యాకోచించి బయటికి పోవును, రాత్రి చల్లదనానికి తేమగాలి లోనికి వచ్చును. డబ్బా ఊపిరి పీల్చి వదలుచున్నదన్న మాట. ఆరు వారముల పాటు అది పీల్చినది వర్షాకాలపు గాలి. జాడీలను ఎంత శ్రద్ధగా మార్చినా నింపినది నీరు త్రాగిన ఆల్కహాలుతోనే గనుక ఆ శ్రద్ధ ఫలించలేదు. శ్రద్ధాలోపం లేదని నిరూపించుటకు శ్రద్ధతో వ్రాసిన పుస్తకమే సాక్ష్యమైనది.

మా నివేదిక చూచిన పిదప సంజాయిషీ మాట మరి వినబడలేదు. మా అధ్యాపకులు చాచాను తరగతి ముందుకు పిలిచి, నోటుపుస్తకాన్ని విద్యార్థులందరికీ చూపి, పరిశోధకుడు ఎట్లు వ్రాసుకొనవలెనో నేర్చుకొనుడని చెప్పారు.

చెడిన స్లయిడులను పారవేయకుండ బాగుచేయుట తరువాతి పని. ఈ విధానం ఇతర కళాశాలల మిత్రులకు కూడ ఉపయోగపడవచ్చును. మూడు వారములు ఎండిన గాజురేకు జైలీనులో రెండు రోజులు నానితే గాని కదలలేదు. గోటితోగాని బ్లేడుతోగాని ఎత్తుటకు ప్రయత్నిస్తే కణజాలం చిరిగి వస్తుంది. అది తనంతట జారేవరకు ఓర్పు వహించాలి. పిదప కొత్త ఆబ్సల్యూట్ ఆల్కహాలు జాడీలు రెండింటిలో ఒకదాని తరువాత ఒకటిగా అయిదేసి నిముషములు ఉంచాము. ఇయోసిన్ వెలిసినట్లు కనబడిన పది స్లయిడులను ఆల్కహాలు మెట్ల ద్వారా నీటి వరకు దించి, మరల ఇయోసిన్ పట్టించి, త్వరత్వరగా మెట్లు ఎక్కించాము. నీరు కలిసిన ఆల్కహాలులో ఆలస్యమైతే ఇయోసిన్ మరల జారిపోవును. చివర కొత్త జైలీను మూడు మార్లు మార్చి, పలక తడి ఆరకముందే జిగురు వేసి మూశాము. నలుబది ఎనిమిదింటిలో నలుబది నాలుగు బాగుపడినవి. మిగిలిన నాలుగింటిలో పొర ఊడిపోయినది. రెండవ విడతలోని మసక స్లయిడులు కూడ ఇదే చికిత్సతో తేరుకున్నవి. పరీక్షలు నిర్ణీత దినమునకే, మా స్లయిడులతోనే జరిగినవి.

ఈ అనుభవం మీద మా ప్రయోగశాలలో కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. ఆఖరి ఆల్కహాలు జాడీ అడుగున కాల్చిన మైలుతుత్తం పొడి పరచి, దానిపై వడపోత కాగితం కప్పి ఉంచుతున్నాము. అది నీలమైన నాడు ఎవరినీ అడుగకుండ జాడీ మార్చవలెను. పలకల చట్రాన్ని ఒక జాడీ నుండి మరొక జాడీకి మార్చునపుడు అంచు మీద ఆనించి, కారవలసిన ద్రవమంతా కారనిస్తున్నాము. చట్రం వెంట పోయే ప్రతి చుక్క వెనుకటి జాడీ నీటిని ముందరి జాడీకి మోసుకొని పోతుంది. జైలీను జాడీ ఏమాత్రం తెల్లబడినా, దోషం దాని వెనుకనున్న ఆల్కహాలుదేనని గ్రహించి రెండింటినీ మారుస్తున్నాము. మైనపు పొరలను నీటిపై నుండి ఎత్తుకున్న వెంటనే వేడి పెట్టెలో పెట్టకుండ, పలకలను నిలువుగా నిలిపి నీరు ఒడిసిన పిదపనే పెడుతున్నాము. లేనిచో పొర క్రింద చిక్కిన నీరు వేడికి పొంగి పొరను లేవనెత్తుతుంది. కణజాలపు తునక జైలీనులో నడిమధ్య తెల్లగా మిగిలితే అది నీరు పూర్తిగా వదలలేదని అర్థం. అట్టి దానిని మైనంలోనికి పంపితే దిమ్మె మెత్తబడి, పొరలు పొడిపొడిగా రాలుతాయి. వెనుకకు త్రిప్పి, ఆల్కహాలులో మరల ఉంచుటయే దానికి మందు.

ఇదంతయు పరీక్షలలో మార్కులకు సంబంధించిన చిన్న విషయమని కొందరు తలచవచ్చును. మాలో ఒకరి తల్లిగారికి నిరుడు ఒక గడ్డ తీసి పరీక్షకు పంపినప్పుడు, స్లయిడు సరిగా రాలేదని, మరల చేయవలెనని చెప్పి నివేదికను నాలుగు దినములు ఆలస్యంగా ఇచ్చారు. ఆ నాలుగు రాత్రులు ఆ ఇంట దీపం ఆర్పినవారు లేరు. దైవానుగ్రహం వలన గడ్డ నిరపాయకరమైనదని తేలినది. ఆ మిత్రుడే మూడు స్లయిడుల పరీక్షలో జాడీల వద్ద అందరికంటె ఎక్కువసేపు నిలబడినాడు. గాజు పలకకు ఇవతల మనకు కనబడేది ఒక రంగుల పొర. దానికి అవతల ఒక మనిషి, ఆ మనిషి కొరకు ఎదురుచూచే ఇల్లు ఉంటాయి. మాలో పలువురు రేపు రోగనిర్ణయ శాలలలో ఉద్యోగములు చేయబోవుచున్నారు. వారి చేతులలో మసకబారే ప్రతి స్లయిడు ఎవరో ఒకరి నిరీక్షణను పొడిగించునని జ్ఞప్తిలో ఉంచుకొనవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా రెండు మూడు మనవులు. ఆల్కహాలును పెద్ద డబ్బాలలో గాక చిన్న సీసాలలో తెప్పించినట్లయితే తెరచినది తెరచినట్లు వాడుకొనవచ్చును. ధర కొంత అధికమైనను చెడిపోయే సరకు, తిరిగి చేయు శ్రమ లెక్కించినచో లాభమే. సూక్ష్మదర్శినులను వాడనివేళ సిలికా జెల్ ఉంచిన మూతగల బీరువాలో భద్రపరచినచో కటకములపై బూజు పట్టదు. అన్నిటికంటె ముఖ్యమైనది గాలిని వెలుపలికి లాగే పంకా. వానలలో కిటికీలు తెరచితే తేమ వచ్చును. మూసితే జైలీను ఆవిరి నిండి తలనొప్పి, తలతిప్పుట కలుగును. విద్యార్థులు దినమునకు రెండు మూడు గంటలు మాత్రమే ఆ గదిలో ఉంటారు. చాచా వంటి వారు ఉదయం నుండి సాయంకాలం దాకా, సంవత్సరముల తరబడి ఆ గాలినే పీల్చుచున్నారు. వారి ఆరోగ్యం కొరకైనను ఈ మనవిని ఆలకింతురని ఆశిస్తున్నాము.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు అను రెండు భాషలు ఒకే వరండాలో నడుస్తాయి. ఒకరి నోటుపుస్తకం మరొకరికి చదువరాకపోవచ్చును. కూర్చొని చదివించుకొనుటకు అరగంట చాలునని మాకు ఈ వర్షాకాలం నేర్పినది. తమ్ములారా, చెల్లెలులారా, వచ్చే జూలైలో మీరు ప్రయోగశాలలో అడుగుపెట్టే వేళకు చాచా పదవీ విరమణ చేసి ఉంటారు. వారి నోటుపుస్తకాన్ని మేము రెండు భాషలలోనూ శుభ్రప్రతిగా వ్రాసి బల్ల సొరుగులో ఉంచుతున్నాము. చివరి పుటలు ఖాళీగా వదిలినాము. జాడీ మార్చిన ప్రతి దినము తేదీ, వేళ, పొడి రంగు అందులో వ్రాయుడు.